తప్పు పట్టేవాడి బొమ్మ

బల్ల ముందు

చెకింగ్ బల్ల దగ్గర కొత్తగా నిలబడుతున్న పిల్లలకు ముందుగా ఒక మాట. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ మీకు ఎవరూ మనస్ఫూర్తిగా చాయ్ తాగించరు. ఎవరైనా తాగించారంటే ఆ రోజు వాళ్ల సాంచ మీది నుంచి వచ్చిన బట్టను రెండుసార్లు చూడండి.

నా పేరు రాజేశం. మాది సిరిసిల్ల వైపు. మీసం సరిగ్గా రాకముందే ముంబై దగ్గరి భివండీ వచ్చి, బట్ట చెక్ చేస్తూ చేస్తూ ముసలివాణ్నయ్యాను. పని చెప్పడానికి చాలా చిన్నది. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, నేసిన కోరా బట్ట చుట్టలు చుట్టలుగా మా దగ్గరకు వస్తుంది. ఒక చుట్టను తాకా అంటారు. బల్ల ఏటవాలుగా ఉంటుంది, దాని కింద ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. తాకాను పైనుంచి కిందికి లాగుతూ, తప్పు కనబడినచోట చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టాలి. అంతే. ఈ పని కుర్రాళ్లకు వారంలో వస్తుంది, కానీ దాన్ని ఇంటికి తీసుకుపోకుండా ఉండటం మాత్రం నాకు ఇప్పటికీ రాలేదు.

నిజానికి నేను చెకింగ్ కోసం రాలేదు. ఊళ్లో ఉన్నప్పుడు బొగ్గుముక్క దొరికితే చాలు, గోడలన్నీ నెమళ్లతో నింపేవాణ్ని. చీర అంచులకు డిజైన్లు గీసే పని దొరుకుతుందని ఎవరో చెబితే రైలెక్కాను. మా శేఠ్ ముందు నిలబడి నాకు బొమ్మలు గీయడం వచ్చని చెప్పాను. ఆయన సంతోషపడి, నా చేతిలో చాక్‌పీసు పెట్టి, బల్ల చూపించి, "గీయ్" అన్నాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను గీసింది ఒకటే బొమ్మ. ఇంటూ.

శేఠ్ సంగతి

మా శేఠ్ మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. శేఠ్. చేరిన కొత్తలో ఒకరోజు ఒక తాకా మొత్తం చూసి, ఇందులో తప్పేమీ లేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఐబ్ నహీ మిలా? తో ఐబ్ తేరీ ఆంఖ్ మే హై. ఫిర్ దేఖ్" అన్నాడు. బట్టలో తప్పు దొరకకపోతే తప్పు నీ కంట్లోనే ఉన్నట్టు, మళ్లీ చూడు అని. మళ్లీ చూశాను. రెండు తప్పులు దొరికాయి. అప్పటినుంచి తప్పు లేని బట్ట ఈ భూమ్మీద ఉండదని నమ్మి బతికాను. ఇలాంటి మాటలు మనసులో నాటుకుంటే మనిషి పనిమంతుడవుతాడు గానీ, పక్కన కూర్చుని అన్నం తినడానికి పనికిరాకుండా పోతాడు.

కొన్నేళ్లకు ఆయన కింద ఒక మేనేజరు వచ్చాడు. చదువుకున్న పిల్లాడు, మర్యాద తెలిసినవాడు. చాక్ దుమ్ము ఆరోగ్యానికి మంచిది కాదని దాని బదులు ఎర్ర బాణం గుర్తు స్టిక్కర్లు తెప్పించాడు. వాడి ఉద్దేశం మంచిదే. కానీ ఆ స్టిక్కర్లు బట్టకు తప్ప అన్నింటికీ అంటుకునేవి. ఒకరోజు శేఠ్ తెల్ల ప్యాంటు వెనక ఒక ఎర్ర బాణం అంటుకుని, ఆయన దానితోనే బజారంతా తిరిగి, బ్యాంకుకు పోయి, బంధువుల ఇంట్లో భోజనం కూడా చేసి వచ్చాడు. చాక్‌పీసులు తిరిగి వచ్చాయి. మేనేజరు మాత్రం తిరిగి రాలేదు.

మొహం చూడకుండా

ఇక అసలు విద్య. తప్పు అంటే బట్ట పాడవడం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కొన్నేళ్లు చూశాక, ఏ తప్పు ఎవరిదో మొహం చూడకుండానే తెలిసిపోయేది. ఒక కార్మికుడు బీడీ నోట్లో పెట్టుకుని నేస్తే అంచు కొద్దిగా లోపలికి లాగినట్టు ఉండేది. ఇంకొకాయన బట్టలో కొన్నాళ్లు వరసగా పోగులు అల్లుకోకుండా జల్లెడలా తేలిపోయాయి. దాన్ని మేము జాలి అంటాం. తర్వాత హఠాత్తుగా ఆగిపోయాయి. నేను ఆయన షెడ్డుకు పోయి, "పన్ను పీకించుకున్నవా?" అని అడిగాను. ఆయన దవడ పట్టుకుని, నాకెవరు చెప్పారని భయపడిపోయాడు. చాలా కాలం నన్ను మంత్రాలు వచ్చినవాడిలా చూశాడు.

అందరిలోకీ ఓదెలు తప్పు నాకు బాగా తెలుసు. ఓదెలు నాగావ్‌లో మా మేనల్లుడు శ్రీనివాస్ షెడ్డులో నేస్తాడు, అక్కడి బట్ట కూడా మా శేఠ్ బల్లకే వచ్చేది. వరసకు నన్ను బావా అంటాడు. అతని బట్టలో ప్రతిరోజూ మధ్యాహ్నం నేసిన చోట ఒక సన్నటి పట్టి పడేది. సాంచ ఆపి మళ్లీ నడిపించేటప్పుడు బట్టను సరిగ్గా సర్దకపోతే పోగులు ఒకచోట ఒత్తుగా పడి గీతలాగా కనిపిస్తుంది. దాన్నే పట్టి అంటాం. ఓదెలు పట్టి ఎడమవైపు కాస్త లావుగా మొదలై, కుడివైపు పోయేసరికి సన్నబడి, ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు ఉండేది. రోజూ ఇంటూ పెట్టేవాణ్ని. అది ఎందుకు పడుతుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

రిటైరయ్యాక ఇంట్లో

శేఠ్ కొడుకులు మా షెడ్డును గోదాముకు ఇచ్చేశారు. నా చెకింగ్ బల్ల పాత ఇనుము కింద పోయింది. నేను ఇంటికొచ్చాను. చాక్‌పీసు మాత్రం చొక్కా జేబులో ఉండిపోయింది. అక్కడే వచ్చింది చిక్కు.

మొదటి వారంలో ఇంట్లో కిటికీ పరదాలన్నిటి మీదా ఇంటూలు పడ్డాయి. తర్వాత దుప్పట్ల మీద. నా భార్య సులోచన ఉతికి ఆరేసేది, నేను ఆరేసిన వాటిని చూసి మళ్లీ గుర్తులు పెట్టేవాణ్ని. "ఓ మమత నాయినా, నీకు దండం పెడుత, బజారుకన్న పో" అనేది. బజారుకు పోయినా బట్టలే కదా ఉండేది.

అసలు గొడవ మావాళ్ల పెళ్లిలో జరిగింది. అక్షింతలు వేయడానికి వరసలో నిలబడ్డాను. నా ముందు పెళ్లికూతురి తల్లి. ఆమె పట్టుచీర వెనకవైపు, భుజం కింద, చక్కటి జాలి. నేను ఏమీ ఆలోచించలేదు. చెయ్యి జేబులోకి పోయింది, చాక్‌పీసు వచ్చింది, ఇంటూ పడింది. ఫోటోలు తీసేవాడు "మేడమ్, పీఛే కుఛ్ లగా హై" అని, వెనక ఏదో అంటుకుందని చెప్పేదాకా ఎవరూ చూడలేదు. ఆ తర్వాత అందరూ చూశారు. సులోచన నా మోచెయ్యి పట్టుకుని వంటవాళ్లు వచ్చే తలుపులోంచి బయటికి నడిపించింది. అన్నం కూడా తినలేదు.

మా బిడ్డ మమత మాన్కోలిలో ఒక గోదాం ఆఫీసులో పనిచేస్తుంది. మరాఠీ బడిలో చదివింది కాబట్టి కోపం వస్తే మాట మారిపోతుంది. పెళ్లి సంగతి విని, "కాయ్ చాల్లంయ్ నాన్నా, ఏంది నీ కథ? ఇట్లయితే మనల్ని ఎవ్వరు పిలువరు" అంది. మరుసటి వారం ఒక ట్యాబ్లెట్టూ, దానితో గీసే పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. డబ్బాకు సొట్టపడిందని వాళ్ల గోదాంలో తక్కువకు ఇచ్చారట. "దీనిమీద గీస్కో, చెరుపుకో, నీ ఇష్టం. మనుషుల జోలికి పోకు" అంది. ముందు డబ్బా సొట్ట చూశాను. మూలకు తగిలిన సొట్ట, లోపలికి పోలేదు. పాస్ చేశాను.

వెనక్కి బటన్

నెమలి గీశాను. కోడి వచ్చింది. కోడి గీస్తే మా ఇంటి ఓనరు వచ్చాడు. బొగ్గుముక్కతో గోడమీద నడిచిన చెయ్యి ఎటు పోయిందో తెలియలేదు. చాలా బాధపడ్డాను. మనిషికి ఒకప్పుడు వచ్చిన విద్య రాకుండా పోతే, ఎప్పుడూ రానిదానికంటే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మమత పొరల సంగతి చూపించింది. ఆ బొమ్మలపెట్టెలో ఒక పొర మీద ఒక పొర వేసి గీసుకోవచ్చు. నాకు ఒళ్లు పులకరించింది. ఒక పొరలో పడుగు గీశాను, నిలువు పోగులు. ఇంకో పొరలో పేక, అడ్డం పోగులు. ఒక్కొక్క పోగూ విడిగా, ఒకటి పైకి, ఒకటి కిందికి. సులోచన వచ్చి చూసి, "ఏంది, తెర ఖరాబైందా?" అంది. బట్ట తయారైంది గానీ అది ఎవరిదీ కాదు. ఉత్త బట్ట. అప్పుడు చెయ్యి దానంతట అదే కదిలి మధ్యలో ఒక పట్టి గీసింది. ఎడమవైపు లావు, కుడివైపు సన్నం.

మా మేనల్లుడు శ్రీనివాస్ అప్పుడే వచ్చాడు. భుజం మీదుగా వంగి చూసి, "ఓదెలు గాదు మామా ఇది?" అన్నాడు.

అంతే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనిషి బొమ్మ గీయడం నాకు వచ్చినట్టే కదా! ఆ తర్వాత వరస పెట్టి గీశాను. బీడీ అంచు గీశాను. పంటినొప్పి జాలి గీశాను. కింద పేర్లు రాశాను. మమత వాటిని ఫోనులో అందరికీ పంపింది. పంపి, ఒకరోజు అడిగింది. "అందరియి గీసినవ్ నాన్నా. మరి నీది?"

బట్టలో నాది ఏం ఉంటుంది? నేను పెట్టేది చాక్ గుర్తు. మొదటి ఉతుకులోనే పోతుంది.

ట్యాబ్లెట్టుతో నాకు ఒక్క తగాదా మాత్రం ఉంది. వెనక్కి పోయే బటన్. ఒక్కసారి నొక్కితే గీసిన తప్పు లేనట్టే పోతుంది. మన పనిలో పోగు వెనక్కి తీయొచ్చు, కాని తీసినచోట మరక మిగులుతుంది, వెలుగులో పట్టుకుంటే కనబడుతుంది. ఏ గుర్తూ లేకుండా తప్పు మాయమవడం నాకు దొంగతనంలా అనిపించింది. అందుకని వెనక్కి బటన్ నొక్కినచోటల్లా, నొక్కిన గుర్తుగా ఒక సన్నటి మరక నేనే గీసేవాణ్ని. మమత చూసి చెయ్యి నుదుటికి కొట్టుకుంది.

శ్రీనివాస్ షెడ్డు

శ్రీనివాస్ ఊరికే రాలేదు. నా బొమ్మలో ఓదెలును గుర్తుపట్టిన రోజే, చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"గోదాం పార్టీ వచ్చింది మామా. షెడ్డు కిరాయికి అడుగుతున్నరు. దీపావళి దాక చూస్త. ఏ ఆర్డరు రాకుంటే సాంచాలు భంగార్‌కు ఏసుడే, పాత ఇనుముకు."

"ఓదెలు ఎట్ల?"

"ఏం జేస్తడు? మాన్కోలికి లోడింగ్‌కు పోవాలె."

ఓదెలు నడుము సంగతి నాకు తెలుసు. నూలు చుట్టిన కండెల డబ్బా ఎత్తాలంటేనే మోకాళ్ల మీద చెయ్యి పెట్టి లేస్తాడు. లారీలో పెట్టెలు ఎత్తితే ఎన్నాళ్లు బతుకుతాడు? నా బల్ల ఇనుము కింద పోయినరోజు చూశాను. తూకం వేసేవాడికి అది ఏ బల్లో కూడా అక్కర్లేదు. నాకు భయం వేసింది. ఆ రోజు ఇంకేమీ గీయలేదు.

కొన్నాళ్లకే ఆమె వచ్చింది. ముంబైలో బట్టలు తయారుచేయించి అమ్మే అమ్మాయి. మేడమ్ అనే పిలిచేవాళ్లం. నా బొమ్మలు ఎవరి ఫోనులోంచి ఎవరి ఫోనులోకి పోయాయో, చివరికి ఆమెకు చేరాయి. నాగావ్‌కు కారులో వచ్చి, షెడ్డు బయట చెప్పులు విప్పబోతే శ్రీనివాస్ వద్దన్నాడు. ఆమె నా బొమ్మ చూపించి, ఇలాంటి బట్ట కావాలంది. ఓదెలు పట్టి, బీడీ అంచు, పంటినొప్పి జాలి, మూడు రకాలూ. తాకాలు తాకాలుగా.

"ప్రింట్ వేయించుకోవచ్చు గదా?" అన్నాను హిందీలో.

"ప్రింట్ నహీ అంకుల్. ప్రింట్ తో కోయీ భీ కర్ దేగా. ముఝే బునా హువా చాహియే" అంది. ప్రింటయితే ఎవరైనా వేస్తారట, నేసిందే కావాలట. మొదట ఒక శాంపిల్ చూస్తుందట, నచ్చితే ఆర్డరు. పిల్ల తెలివైనది. శ్రీనివాస్ చేతులు జోడించి ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ తప్పులు చేసిన షెడ్డుకు అది ఒక లెక్కా అనుకున్నాం.

తప్పు చెయ్యమంటే

శ్రీనివాస్ అందరినీ పిలిచి చెప్పాడు. "రేపటికెల్లి తప్పు చెయ్యాలె. మంచిగ చెయ్యాలె."

ఓదెలు చెయ్యి ఎత్తాడు. "ఎట్ల చెయ్యాలె?"

"ఇన్ని దినాలు ఎట్ల చేసినవో గట్లనే."

"నేను చెయ్యలే. అయ్యింది."

సాంచాలు బాగుచేసే జాబర్‌కు కోపం వచ్చింది. పోగులు తేలేట్టు సాంచను కాస్త సడలించమంటే పానా నేలకేసి కొట్టాడు. "నా చేతుల మీద చెడగొట్టమంటున్నరా? నా కొడుక్కు పిల్లనెవడిస్తడు?" అని వెళ్లిపోయాడు. బతిమాలి తీసుకొచ్చి, నీ పేరు ఎక్కడా రానివ్వమని మాట ఇస్తే అప్పుడు సడలించాడు. అదీ మొహం అటు తిప్పుకుని.

నన్ను మళ్లీ చెకింగ్‌కు పెట్టారు. బల్ల లేదు కాబట్టి రెండు బెంచీలూ, ఒక తలుపూ, కింద లైటూ పెట్టి తయారుచేశాం. మొదటి తాకా వచ్చింది. ఓదెలుది. పైనుంచి కిందిదాకా లాగాను. ఎక్కడా పట్టి లేదు. అంత బాగా ఓదెలు జన్మలో నేయలేదు. తప్పు చేయాలని ఒళ్లంతా కళ్లు చేసుకుని నిలబడితే చెయ్యి తప్పు చేయనివ్వలేదట. నేను చాక్‌పీసుతో తాకా పొడుగునా ఇంటూలు పెట్టాను, తప్పు లేనిచోటల్లా. జీవితంలో మొదటిసారి.

రెండో తాకాలో కావాలని పట్టి వేశాడు. బొటనవేలంత లావు. అది పట్టి కాదు, గోడ. బీడీ ఆయన ఎప్పుడో బీడీ మానేశాడు. శ్రీనివాస్ కట్ట కొనిచ్చి ముందు పెడితే, భార్యకు ఒట్టేశానని నోట్లో ఉత్త పుల్ల పెట్టుకుని నేశాడు. అంచు నిక్కచ్చిగా వచ్చింది. ఒక్క పంటినొప్పి ఆయనే అదృష్టవంతుడు. ఆయనకు పళ్లు ఇంకా ఉన్నాయి, అందులో ఒకటి ఆ వారమే మొదలుపెట్టింది. అందరం వెళ్లి పరామర్శించాం గానీ, డాక్టరు దగ్గరకు పొమ్మని ఒక్కరమూ అనలేదు. అది మంచి పని కాదు. శాంపిల్ నేసిన మరునాడే శ్రీనివాస్ స్వయంగా తీసుకుపోయాడు, అదొక్కటి నయం.

మేడమ్ వచ్చి చూసింది. జాలి నచ్చింది. బీడీ అంచు వదిలేద్దామంది. ఓదెలు పట్టి మీద వేలితో రాసి, తల అడ్డంగా ఊపింది. "అంకుల్, యే గల్తీ ఝూఠీ హై."

దొంగ తప్పు. నేనూ అదే అనబోతున్నాను. అసలు ఆమెను ఇంతదూరం రప్పించింది ఆ పట్టేనట. అది లేకపోతే ఆర్డరు లేదు. మళ్లీ సోమవారం వస్తానంది. శ్రీనివాస్ ఆమెను కారుదాకా సాగనంపి వచ్చి, సాంచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గోదాం పార్టీవాడు పొద్దున్నే ఫోన్ చేశాడట.

భూదేవి

అప్పుడు అడిగాను ఓదెలును, ఎన్నడో అడగాల్సిన మాట. "మధ్యాహ్నం పూటనే ఎందుకు పడేదిరా ఆ పట్టి?"

ఓదెలు తల గోక్కున్నాడు. "భూదేవి డబ్బా తెచ్చేది గదా బావా. గేటు కాడికెల్లే మొదలువెట్టేది. కూరల ఉప్పు లేదన్నవట ఎవరితోనో, పైసలు ఎవనికిచ్చినవ్, గదేదో ఇదేదో. సాంచ ఆపి జవాబు చెప్తుంటి. చెప్పుకుంటనే మల్ల నడిపిస్తుంటి."

భూదేవి అతని భార్య. నేను రిటైరైనప్పటినుంచి పూర్ణలో ఒక గోదాంలో ప్యాకింగ్ పనికి పోతోంది. ఓదెలు పొద్దున్నే డబ్బా తనే తెచ్చుకుంటున్నాడు. అప్పటినుంచి షెడ్డులో అతనితో కొట్లాడేవాళ్లు లేరు. పట్టీ లేదు.

ఆదివారం ఆమెకు సెలవు. నేనూ శ్రీనివాస్ వాళ్లింటికి పోయాం. నేను ఆమెకు అన్న వరస కాబట్టి నేనే అడగాల్సి వచ్చింది.

"చెల్లె, నువ్వొకసారి షెడ్డుకు వచ్చి ఓదెలుతోని కొట్లాడాలె."

భూదేవి నన్నూ, శ్రీనివాస్‌నూ చూసింది. "ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే."

"మరెందుకు కొట్లాడాలె?"

సంగతంతా చెప్పాం. ఆమె లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. పెళ్లికి పోతున్నట్టు పూలు కూడా పెట్టుకుంది. డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఓదెలు సాంచ ముందు నిలబడ్డాడు. మిగతావాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. శ్రీనివాస్ చెయ్యి ఊపాడు.

భూదేవి మెల్లగా అంది. "అన్నం తిన్నవా?"

"లేదు. నువ్వు తిన్నవా?"

"తిన్న."

ఇద్దరూ సిగ్గుపడి నేల చూశారు. సాంచ ఆగనే లేదు. శ్రీనివాస్ నా పక్కన తల పట్టుకున్నాడు. "గట్ల గాదు చిన్నమ్మా, జర తిట్టు" అని బతిమాలాడు. "మంచిగున్న మనిషిని ఎట్ల తిట్టాలె?" అంది భూదేవి. ముందెప్పుడో జరిగినవి గుర్తుచేస్తే పనికొస్తుందేమోనని నేను ఓదెలు బావమరిది పెళ్లినాటి గొడవ ఎత్తాను. ఇద్దరూ కలిసి ఆ బావమరిదిని తిట్టారు. ఎన్నడూ లేనంత ఒక్కమాట మీద ఉన్నారు.

ఇక లాభం లేదని భూదేవి డబ్బా పెట్టి వెళ్లిపోబోయింది. డబ్బా పెట్టడానికి కండెల పెట్టె పక్కకు జరిపింది. దాని వెనక శనివారం డబ్బా ఉంది, మూత తీయకుండా. శుక్రవారందీ ఉంది.

"ఇదేంది?"

ఓదెలు మొహం పాలిపోయింది. "అది... వడాపావ్..."

"నేను తెల్లారకముందే లేసి, పూర్ణ బస్సు పట్టుకునేటిదాన్ని, నీకు చేసి పెడితే..." అని మొదలైంది. ఆ గొంతు విని రోడ్డు అవతల చాయ్ బండివాడు కూడా లేచి నిలబడ్డాడు. ఓదెలు చటుక్కున సాంచ ఆపాడు. "ఆరిపోయిన అన్నం ఎట్ల తినాలె? నువ్వు తెచ్చినప్పుడు వేడిగుండేది!" అన్నాడు. "నేను రాకుంటే నీకు వేడి గావాల్నా?" అంది ఆమె. జవాబు చెబుతూనే, మెడ అటు తిప్పుకునే, ఎడమచేత్తో బట్టను సర్ది, సాంచ నడిపించాడు.

నేను కింద కూర్చుని చూశాను. ఎడమవైపు లావు. కుడివైపు సన్నం. ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు. నేను గట్టిగా అరిచాను. ఇంటూ పెట్టడానికి చెయ్యి జేబులోకి పోయి ఆగిపోయింది. మంచి తప్పుకు ఏ గుర్తు పెట్టాలో మా పనిలో లేదు.

సోమవారం మేడమ్ ఆ పట్టి మీద వేలితో రాసి, మళ్లీ రాసి, "యహీ హై" అంది, అసలు పట్టి ఇదేనని. ఆర్డరు ఇచ్చింది.

ఒక్క కొట్లాటకు ఒక్క పట్టి. ఆర్డరు తాకాలు బోలెడు. అందుకని శ్రీనివాస్ భూదేవిని ప్యాకింగ్ మాన్పించి షెడ్డులో కండెలు చుట్టే పనికి పెట్టుకున్నాడు. కండెలు పేరుకు మాత్రమే. మధ్యాహ్నం అయ్యేసరికి షెడ్డంతా చెవులు రిక్కించేది. ఆమె గొంతు లేస్తే శ్రీనివాస్ దేవుడి పటానికి దండం పెట్టేవాడు.

మంచి తాకా

చివరి తాకాను తలుపు బల్ల మీదికి తెచ్చారు. లాగాను. పట్టి లేదు. కొస నుంచి మళ్లీ లాగాను. జాలి లేదు, మరక లేదు, అంచు లాగలేదు, పోగు తెగలేదు. శేఠ్ మాట గుర్తొచ్చి కళ్లు కడుక్కుని వచ్చి మూడోసారి చూశాను. లేదు. జీవితమంతా చూసిన బట్టలో తప్పు లేని తాకా ఇదొక్కటే.

ఓదెలును పిలిచి అడిగాను. చేతులు నలుపుకున్నాడు. "ఆ దినం మా పెండ్లిరోజు బావా. పక్కన గూసొని కండెలు అందిచ్చింది. సాంచ ఆపలే. కొట్లాడుడు యాదికి రాలే."

మేడమ్ తిప్పి చూసి నవ్వింది. "ఇస్ మే తో కుఛ్ హై హీ నహీ" అని, ఇందులో ఏమీ లేదని, పక్కన పెట్టేసింది. ఆమె తప్పేం లేదు, ఆర్డరులో పట్టి ఉంది మరి. మిగతావి తీసుకుని, ఇంకో ఆర్డరు చెప్పిపోయింది. శ్రీనివాస్ గోదాం పార్టీకి నా ముందే ఫోన్ చేసి, షెడ్డు ఇవ్వనని చెప్పాడు. ఫోన్ పెట్టేసి, ఆ మంచి తాకా నా భుజం మీద పెట్టాడు. "ఎవ్వరు కొనరు మామా దీన్ని. నువ్వు తీస్కపో."

సులోచన దాన్ని ఉడకబెట్టి, ఉతికి, కుట్టి, మంచం మీదికి దుప్పటి చేసింది. "తప్పు లేదన్నవ్ గదా, ఇగ నా బతుకు చల్లగుంటది" అంది. ఆ రోజు మంచం దగ్గర నిలబడి దుప్పటినంతా చూశాను. చాక్‌పీసు తీసే పని పడలేదు. హాయిగా పడుకున్నాను.

పిల్లలూ, ఈ పనిలో నాకు తెలిసిందంతా ఇదే. తప్పును చూసేటప్పుడు దాని వెనక ఎవరు నిలబడ్డారో కూడా చూడండి. గుర్తు ఎలాగూ పెట్టాలి, జీతం దానికే ఇస్తారు. కానీ ఎందుకు పడిందో అప్పుడప్పుడు అడగండి, నాలాగా రిటైరయ్యేదాకా ఆగకండి. అడిగినవాడికి ఒక్కోసారి నిజంగానే చాయ్ దొరుకుతుంది.

పొద్దున లేచి దుప్పటి మడతపెట్టబోతే, నేను పడుకునే వైపు సరిగ్గా నడుమ తెల్లటి చాక్ గుర్తు కనిపించింది. ఇంటూ. జేబు చూసుకున్నాను, చాక్‌పీసు లేదు. వంటింట్లోంచి సులోచన నవ్వు వినిపించింది.

నేను దాన్ని దులపలేదు. ట్యాబ్లెట్టు తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను. పడుగు గీశాను, పేక గీశాను, ఒక్క పోగు తప్పకుండా. అంతా అయ్యాక, అంచుకు దగ్గరగా, ఒక ఇంటూ పెట్టాను. మమతకు చూపించకముందే కింద పేరు రాశాను, రాజేశం అని.

సులోచన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఇంటూ జర వంకరవోయింది" అంది.

చూశాను. నిజమే. వెనక్కి బటన్ నొక్కకుండా అలాగే ఉంచాను.